వాపు, నొప్పి – రక్తంలోని కినిన్ల సంగతి

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈసారి సభలో ఆరోగ్యం గురించి ఏదైనా చెప్పమని సెక్రటరీ సాబ్ మమ్మల్ని కోరారు. ముందుగా ఒక్క మాట మనవి చేసుకుంటాము. మేము డాక్టరులము కాము. ఉర్దూ మీడియం పాఠశాలలో పిల్లలకు సైన్సు చెప్పుకునేవాళ్ళము. కాబట్టి వైద్యం చెయ్యము, పాఠం చెబుతాము. షుగరు గురించి, బీపీ గురించి చెప్పేవారు ఇప్పుడు వీధికి నలుగురున్నారు. మేము ఎంచుకున్నది అందరికీ తెలిసినట్టే ఉండి, అడిగితే ఎవరమూ సరిగా చెప్పలేని విషయము. అదే వాపు. ఒళ్ళు ఎందుకు వాస్తుంది? వాచినచోట నొప్పి ఎందుకు పుడుతుంది? ఇది తెలుసుకుంటే మనకేం ఒరుగుతుంది అంటారేమో. అన్ని వాపులూ ఒకటి కావు. ఒక వాపు మందు ఇంకొక వాపుకు పనిచెయ్యదు. ఆ తేడా తెలియక ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు మన బస్తీలోనే ఉన్నారు.

తరగతిలో ఈ పాఠం మొదలుపెట్టేటప్పుడు మేము బోర్డు మీద కొన్ని మాటలు రాస్తాము. ఉర్దూలో వరమ్ అంటే వాపు, సోజిష్ అంటే మంట. అరబ్బీలో ఇల్తిహాబ్ అంటారు. అది లహబ్ అన్న మాటకు చుట్టం. లహబ్ అంటే అగ్నిజ్వాల. తెలుగులో పొయ్యిలోదీ మంటే, పుండు మీద పుట్టేదీ మంటే. ఇంగ్లీషు డాక్టరు ఇన్‌ఫ్లమేషన్ అంటాడు, అందులో ఉన్నదీ జ్వాలే. ఇన్ని భాషలవాళ్ళకు ఒకే పోలిక ఎలా తట్టిందో చూడండి. "సార్, వీళ్ళందరూ ఒకే పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్నారా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. కాల్చుకొని ఉండరుగానీ, అందరి ఒళ్ళూ ఒకటే.

సుమారు 2000 ఏళ్ళ క్రితం రోములో సెల్సస్ అనే ఆయన దీని లక్షణాలు నాలుగు రాసిపెట్టాడు: ఎర్రబడటం, వాయడం, వేడెక్కడం, నొప్పి. మన యునానీ హకీములు వరమ్‌ను వేడిది, చల్లనిది అని విడదీశారు. వాళ్ళు కంటితో చూశారు, చేత్తో తాకి చూశారు, అంతవరకు సరిగ్గానే చెప్పారు. లోపల ఈ పని చేస్తున్నది ఎవరు అన్నది మాత్రం 20వ శతాబ్దందాకా తెలియలేదు.

కాలిలో తుమ్మముల్లు దిగిందనుకోండి. అక్కడి సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువగా వస్తుంది కనుక చర్మం ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. ఆ నాళాల గోడలో కణాలు ఇటుకల్లాగా ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి. అవి కొంచెం ఎడమై, సందుల్లోంచి రక్తంలోని నీరు, ప్రోటీన్లు బయటికి ఊరతాయి. అదీ వాపు. ఆ నీటితోపాటు తెల్లకణాలు కూడా వచ్చి ముల్లుతో వచ్చిన సూక్ష్మజీవుల మీద పడతాయి. మొహల్లాలో ఒక ఇల్లు అంటుకుంటే పక్కింటి గోడ పగలగొట్టి అయినా నీళ్ళు పంపుతాము గదా, అలాంటిది. ఇది జబ్బు కాదు, ఒళ్ళు తన్ను తాను కాపాడుకోవడం. అయితే గోడ పగలగొట్టమని చెప్పేదెవరు? ఒకరు కాదు, చాలామంది ఉన్నారు. హిస్టమిన్ పేరు మీరు వినే ఉంటారు, జలుబుకూ దురదకూ వేసుకునే మాత్రలు దాన్ని ఆపేవే. ప్రోస్టాగ్లాండిన్లు అని ఇంకో జాతి ఉన్నది. వీటికంటే తక్కువగా పేరుపడినవి కినిన్లు. ఈరోజు పాఠం వాటి మీద.

కినిన్ అంటే ప్రోటీనులోంచి తెగిన చిన్న ముక్క. హిస్టమిన్ లాగా ఇది ముందే తయారై కణాల్లో మూటగట్టి ఉండదు. దీని తల్లి ప్రోటీను పేరు కినినోజెన్. కాలేయంలో తయారై రక్తంలో ఏ హానీ చెయ్యకుండా తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఒక పొడుగాటి తస్బీహ్ అనుకోండి, పూసలేమో అమైనో ఆమ్లాలు. కల్లిక్రీన్ అనే ఎంజైము కత్తెర. ఆ కత్తెర మధ్యలోంచి సరిగ్గా 9 పూసలు కత్తిరించి తీస్తే, ఆ ముక్కే బ్రాడికినిన్. ఆర్జినిన్ అనే పూసతో మొదలై మళ్ళీ ఆర్జినిన్‌తోనే ముగుస్తుంది, నడుమ 3 చోట్ల ప్రోలిన్ ఉంటుంది. రక్తంలో కాక కణజాలాల్లో ఉండే ఇంకో రకం కల్లిక్రీన్ కత్తిరిస్తే 10 పూసలు వస్తాయి, దాని పేరు కల్లిడిన్. తస్బీహ్‌లో ఉన్నంతసేపు ఆ 9 పూసలు ఏమీ చెయ్యవు. విడిపడిన క్షణంలోనే పని మొదలుపెడతాయి.

ఈ కత్తెర సంగతి ముందు బయటపడింది. 1926లో మ్యూనిక్‌లో ఫ్రై అనే సర్జను మనిషి మూత్రాన్ని కుక్క రక్తంలోకి ఎక్కించి చూస్తే కుక్క రక్తపోటు పడిపోయింది. ఏదో పదార్థం ఉన్నదని ఆయనా, ఆయన తోటివారు క్రౌట్, వెర్లేలూ వెంటపడ్డారు. క్లోమంలో అది మెండుగా దొరికింది. క్లోమానికి పాత గ్రీకు మాటొకటి ఉంటే దాన్నిబట్టి 1930లో కల్లిక్రీన్ అని పేరుపెట్టారు. బ్రాడికినిన్ దొరకడానికి మరో 20 ఏళ్ళు పట్టింది. అది దొరికింది జర్మనీలో కాదు, బ్రెజిల్ దేశంలో, సావో పావ్లో నగరంలో. అక్కడ జరరాకా అని ఒక విషసర్పం ఉన్నది. మన చేలల్లో తిరిగే రక్తపింజర కుటుంబానిదే. రోషా ఇ సిల్వా అనే శాస్త్రవేత్త, ఆయనతో బెరాల్డో, రోజెన్‌ఫెల్డ్ ఆ పాము విషాన్ని కుక్క రక్తంలోని ప్రోటీన్లతో కలిపి, అందులోంచి వచ్చినదాన్ని గినీపంది పేగుముక్క మీద వేసి చూశారు. హిస్టమిన్ వేస్తే పేగు చటుక్కున ముడుచుకుంటుంది. ఇది మాత్రం నెమ్మదిగా ముడుచుకుంది. అందుకే గ్రీకులో నెమ్మది అనే మాట, కదలిక అనే మాట కలిపి బ్రాడికినిన్ అన్నారు. ఇది 1949 సంగతి. గమనించవలసినదేమంటే, పాము విషంలో బ్రాడికినిన్ లేదు. విషంలో ఉన్నది కత్తెర. కత్తిరింపబడినది కరిపించుకున్నవాడి సొంత రక్తమే!

మరి మామూలు గాయంలో పాము లేదు గదా, మన కత్తెరను ఎవరు నిద్రలేపుతారు? మన రక్తంలో కల్లిక్రీన్ నిద్రపోతున్న రూపంలో ఉంటుంది, ప్రీకల్లిక్రీన్ అంటారు. దాన్ని లేపేది రక్తం గడ్డకట్టించే వరుసలోని 12వ ఫాక్టరు. ఇది కనుక్కున్న కథ మా పిల్లలకు ఎంతో ఇష్టం. అమెరికాలో హేగ్‌మన్ అని ఒక రైల్వే బ్రేక్‌మన్. ఆపరేషను ముందు రక్తపరీక్ష చేస్తే గాజుగొట్టంలో ఆయన రక్తం ఎంతసేపటికీ గడ్డకట్టదు. మనిషికి చూస్తే ఎన్నడూ అతిగా రక్తం కారిన జాడ లేదు. రాట్నాఫ్, కోలోపీ అనే ఇద్దరు 1955లో ఆయన రక్తంలో లోపించిన ప్రోటీనును గురించి రాశారు. దానికి ఆయన పేరే ఉండిపోయింది, హేగ్‌మన్ ఫాక్టరు. ఆయన 1968లో పడి ఎముక విరిగి, ఊపిరితిత్తుల్లోకి రక్తపుగడ్డ పోయి చనిపోయారు. గడ్డకట్టించే ఫాక్టరు లేనివాడు గడ్డతోనే పోయాడు. అది లేకపోయినా రక్తం ఆగుతుందంటే, మరి ఆ ఫాక్టరు ఎందుకున్నట్టు? రక్తం ఆపడం దాని అసలు పని కాదన్నమాట. గాజు వంటి పరాయి వస్తువు తగిలితే అది మేల్కొంటుంది, మేల్కొని ప్రీకల్లిక్రీన్‌ను లేపుతుంది. లేచిన కల్లిక్రీన్ తిరిగి ఇంకొన్ని హేగ్‌మన్ ఫాక్టర్లను లేపుతుంది. తెల్లవారకముందు సహరీకి ఒక ఇంట్లో లేచినవాళ్ళు పక్కింటి తలుపు కొడితే, వాళ్ళు ఇంకో ఇంటి తలుపు కొట్టినట్టు, క్షణాల్లో వీధంతా లేస్తుంది. అప్పుడు బ్రాడికినిన్ కుప్పలుగా విడిపోతుంది.

నొప్పికి సాక్ష్యం 1950లలో లండన్‌లో దొరికింది. అక్కడ కీల్, ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలైనవారు ముంజేతి మీద పొక్కు లేపి, పైపొర తీసివేసి, లోపలి పచ్చిచర్మం మీద రకరకాల ద్రవాలు చుక్కలు వేసి ఎంత నొప్పి పుడుతుందో చూసేవారు. మనిషి రక్తంలోని ప్లాస్మాను గాజుకు తగలనిచ్చి ఆ చుక్క వేస్తే నొప్పి పుట్టింది. చూశారా, మళ్ళీ గాజే! బ్రాడికినిన్ శుద్ధిచేసి వేసినా నొప్పి పుట్టింది. ఇంకొకటి. కందిరీగ కుడితే అంత మంట ఎందుకని అడుగుతారు మా పిల్లలు. దాని విషంలో ఉన్నవాటిలో కినిన్ జాతి పదార్థం ఒకటని 1954లోనే తేల్చారు. మన ఒళ్ళు నొప్పికి వాడే తాళంచెవినే అది తన కొండిలో దాచుకున్నది.

తాళంచెవి అన్నాము గనుక తాళాల గురించి కూడా ఒక మాట. కణాల మీద కినిన్లకు రెండు రకాల గ్రాహకాలు ఉంటాయి. బి-2 రకం ఎప్పుడూ ఉంటుంది. బి-1 రకం మామూలుగా దాదాపు కనిపించదు, గాయమో వ్యాధో తగిలినచోట కొత్తగా పుట్టుకొస్తుంది. కాబట్టి పాతబడిన వాపులో నొప్పి సాగుతూ ఉండటానికి దీనికీ సంబంధం ఉన్నది. బ్రాడికినిన్ ఒంటరిగా కూడా పనిచెయ్యదు. కణాలచేత ప్రోస్టాగ్లాండిన్లను విడుదల చేయిస్తుంది, అవి నరాల కొసలను మరింత సున్నితం చేసి నొప్పిని పెంచుతాయి. ఆస్పిరిన్ ఆ ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా అడ్డుపడుతుందని 1971లో జాన్ వేన్ చూపించాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. తలనొప్పికి వేసుకునే మాత్ర అందుకే నొప్పి తగ్గిస్తుంది.

ఇంత బలమైన పదార్థం అదుపు లేకుండా తిరిగితే ఏం గాను? అల్లాహ్ దయవల్ల దీని ఆయుష్షు అర నిమిషం కూడా లేదు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే ఒక ఎంజైము దాన్ని వెంటనే ముక్కలు చేస్తుంది. ఒక్కసారి ఊపిరితిత్తుల గుండా పోయేసరికే చాలావరకు నాశనమవుతుంది. ఈ ఎంజైముకు ఇంకో ఉద్యోగం కూడా ఉన్నది. రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్‌ను తయారుచేసేది ఇదే. అందుకే దాన్ని ఏ.సి.ఇ. అంటారు. అంటే ఒక చేత్తో బీపీ పెంచేదాన్ని పుట్టిస్తూ, రెండో చేత్తో బీపీ తగ్గించే బ్రాడికినిన్‌ను చంపుతూ ఉంటుంది.

ఇక్కడ మళ్ళీ ఆ బ్రెజిల్ పామే వస్తుంది. రోషా ఇ సిల్వా దగ్గర పనిచేసిన ఫెరీరా అనే యువకుడు 1965లో అదే జరరాకా విషంలో బ్రాడికినిన్ చావకుండా కాపాడే పదార్థం ఉన్నదని చెప్పాడు. దాన్ని పట్టుకొని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు వెళ్ళాడు. అది ఏ.సి.ఇ. చేతులు కట్టేస్తుందని అక్కడ తేలింది. ఆ దారినే పోయి అమెరికాలో స్క్విబ్ కంపెనీలో ఆండెట్టి, కుష్‌మన్ అనేవారు 1975లో కాప్టోప్రిల్ అనే మాత్ర చేశారు. 1981లో అక్కడి ప్రభుత్వం అనుమతించింది. ఆ వెనుకనే ఎనలాప్రిల్, లిసినోప్రిల్, రామిప్రిల్, పెరిండోప్రిల్ వచ్చాయి. ఈ హాలులో కూర్చున్న పెద్దల్లో కొందరి చొక్కా జేబుల్లో ఆ మాత్రలు ఉండే ఉంటాయి. ఈ మాట చెప్పినప్పుడు ఒక పెద్దాయన "అయితే మాస్టర్ సాబ్, పాము మాత్ర మనకు హలాలేనా?" అని గాభరాపడ్డారు. హలాల్ హరామ్ చెప్పవలసినది ఆలిమ్ సాహెబులు. మాకు తెలిసినంతవరకు, ఆ మందులో పామూ లేదు, విషమూ లేదు, ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసినది. పాము దారి మాత్రం చూపించింది.

ఈ మాత్రలు ఎంతోమంది గుండెలను, షుగరువాళ్ళ మూత్రపిండాలను కాపాడాయి. అది ముందు గుర్తుపెట్టుకోవాలి. అయితే ఎంజైము చేతులు కడితే బ్రాడికినిన్ చావదు, నిలవ ఉంటుంది. కొందరికి గొంతులో గిలిగింత, పొడిదగ్గు పట్టుకుంటుంది. వందలో పది మందికి, అటూ ఇటూగా. టానిక్కులు తాగుతారు, తులసాకు నములుతారు, దగ్గు పోదు. అది మాత్రవల్ల వచ్చిన దగ్గు. డాక్టరుగారికి చెబితే వేరే మాత్ర రాస్తారు, కొన్నాళ్ళకు దగ్గు దానంతటదే పోతుంది. దగ్గు ప్రాణం తియ్యదు. ప్రాణం తీసేది ఇంకొకటి ఉన్నది.

మా స్కూల్లో చదివే ఒక అమ్మాయి తండ్రి, మోటారు మెకానిక్. ఒక రాత్రి ఇషా నమాజు అయిన తర్వాత ఆయనకు పై పెదవి బరువుగా ఉన్నట్టనిపించింది. ఏ పురుగో కుట్టిందనుకొని పడుకున్నాడు. ఫజర్ వేళకు పెదవి రెండింతలైంది, నాలుక లావెక్కింది. "ఏం తిన్నావు, ఏం తిన్నావు?" అని ఇంట్లోవాళ్ళంతా అదే ప్రశ్న. చేపలా, వంకాయా, బయటి బిర్యానీయా? దగ్గర్లోని క్లినిక్కుకు తీసుకుపోతే అలర్జీ సూది వేశారు. తగ్గలేదు. రెండోది వేశారు. తగ్గలేదు. మాట ముద్దయిపోయి, ఉమ్మి మింగలేక కారిపోతుంటే అప్పుడు ఆటోలో పెద్దాసుపత్రికి పరుగెత్తారు. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, వయసు చూస్తే మా పాత విద్యార్థినుల ఈడు, ఏం తిన్నావని అడగలేదు. "ఏం మాత్రలు వేసుకుంటున్నారు?" అని అడిగింది. భార్య పరుగున ఇంటికి పోయి పట్టీ తెచ్చింది. పేరు చివర ప్రిల్. రెండేళ్ళుగా వేసుకుంటున్నాడు, ఏనాడూ ఏమీ కాలేదు. గొంతు మూసుకుపోకముందే గొట్టం వేసి ఐ.సి.యు.లో పెట్టారు. మాత్ర ఆపారు. మూడోరోజుకు వాపు దిగింది. ఇప్పుడు ఆయన షెడ్డు మామూలుగా నడుస్తున్నది.

ఇది వెయ్యి మందిలో ఒకరి నుంచి ఏడుగురిదాకా వస్తుందని లెక్కలు. తక్కువే. కానీ ఆ మాత్ర వేసుకునేవాళ్ళు మన దేశంలో ఎంతమంది ఉన్నారో ఆలోచించండి. మాత్ర మొదలుపెట్టిన వారాల్లో రావచ్చు, ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. "ఇన్నాళ్ళూ పడిన మాత్ర ఇప్పుడెందుకు పడదు?" అన్న వాదం ఇక్కడ చెల్లదు. విల్డాగ్లిప్టిన్ అనే షుగరు మాత్ర దీనితో కలిస్తే ఈ ప్రమాదం మరికొంత పెరుగుతుందని కూడా తేలింది.

అలర్జీ వాపులో హిస్టమిన్ పెద్ద, ఈ వాపులో బ్రాడికినిన్ పెద్ద. హిస్టమిన్ వాపు నిమిషాల్లో పొంగుతుంది, దురద పెడుతుంది, ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి, సూది వేస్తే లొంగుతుంది. కినిన్ వాపు గంటలకొద్దీ నిదానంగా పెరుగుతుంది. పేరులోనే నెమ్మది ఉన్నది గదా. దురద ఉండదు, దద్దుర్లు ఉండవు, రెండు మూడు రోజులు ఉంటుంది. హిస్టమిన్‌ను ఆపే సూదిగానీ స్టెరాయిడ్‌గానీ దానికి సరిగా పనిచెయ్యవు, ఎందుకంటే తాళం వేరు. డాక్టర్లు ముందు అలర్జీ వైద్యం చెయ్యడం తప్పని మేము అనడం లేదు. అలర్జీ కాదని తేలేదాకా అది చెయ్యవలసిందే. సూదులు వేసినా వాపు పెరుగుతుంటే, ఇంకో సూది కోసం కాచుకొని కూర్చోవడమే తప్పు. నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా గొట్టం వేయగల ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోను చెయ్యాలి.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా సున్నితమైన సంగతి. మాత్ర ఏమీ వేసుకోకుండానే, పుట్టుకతో ఇదే వాపు వచ్చే కుటుంబాలు ఉన్నాయి. కల్లిక్రీన్‌కు, హేగ్‌మన్ ఫాక్టరుకు కళ్ళెం వేసి ఉంచే ఒక ప్రోటీను ఉన్నది, దాని పేరు సి-1 ఇన్‌హిబిటర్. అది తక్కువగా పుట్టినవాళ్ళకు, లేక ఉండీ పనిచెయ్యనివాళ్ళకు, చిన్న కారణానికే బ్రాడికినిన్ పొంగుతుంది. ఇలా తరతరాలుగా వాపు వచ్చే కుటుంబాన్ని గురించి 1888లోనే ఆస్లర్ అనే పెద్ద డాక్టరు రాశాడు. లోపించిన ప్రోటీను ఏదో 1963లో డొనాల్డ్‌సన్, ఇవాన్స్ కనుక్కున్నారు. సుమారు 50 వేల మందిలో ఒకరికి ఉంటుందంటారు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా. ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా పుట్టేవాళ్ళూ ఉన్నారు, నలుగురిలో ఒకరు అలాంటివారే.

మాకు తెలిసిన ఒక ఇంట్లో ఖాలాగారికి చిన్నప్పటినుంచి నెలకో రెండు నెలలకో చెయ్యి ఉబ్బుతుంది, మూడు రోజులకు తగ్గుతుంది. నజర్ తగిలిందని తావీజు కట్టించారు. కూతురికి ముఖం వాస్తుంది. మనుమరాలికి 16 ఏళ్ళప్పుడు భరించలేని కడుపునొప్పి, వాంతులు. అపెండిక్స్ అని కోశారు. కోసి చూస్తే అపెండిక్స్ బాగానే ఉంది. వాచినది పేగు గోడ, అది బయటికి కనిపించదు. ఖాలాగారి తమ్ముడొకాయన పడుచువయసులో పన్ను పీకించుకొని వచ్చి మర్నాడు ఊపిరాడక పోయాడు. మందు వికటించిందన్నారు. ఈ నాలుగూ వేరువేరు సంగతులని 40 ఏళ్ళు అనుకున్నారు. మనుమరాలికి రక్తపరీక్ష చేయించిన డాక్టరుగారు కాగితం మీద వంశవృక్షం గీసి చూపించేదాకా అవన్నీ ఒకటేనని ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్ళకు కూడా నోరు రాలేదేమో. అమ్మాయికి రిష్తా చెడిపోతుందని ఆ ఇంట్లో ఈ వాపు మాట బయటికి పొక్కనిచ్చేవారు కాదు. తావీజు ఎవరి నమ్మకం వారిది, దాని జోలికి మేము పోము. దాచిపెట్టడం గురించి మాత్రం అంటాము. పన్ను డాక్టరుకు కూడా చెప్పకుండా దాస్తే, పన్ను పీకిన తర్వాత గొంతు వాచేది ఆ అమ్మాయికే. ముందుగా చెబితే, ముందుగానే మందు ఇచ్చి పన్ను పీకుతారు.

పరీక్ష పెద్దదేమీ కాదు. రక్తంలో సి-4 అనే ప్రోటీను, సి-1 ఇన్‌హిబిటర్ ఎంత ఉన్నదీ, ఎలా పనిచేస్తున్నదీ చూస్తారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ప్రిల్ మాత్రలు అసలు వేసుకోకూడదు. ఈస్ట్రోజెన్ ఉన్న కుటుంబ నియంత్రణ మాత్రలు కూడా వాపును పెంచుతాయి, ఇది తల్లులు గుర్తుంచుకోవాలి. బ్రాడికినిన్ తాళంలో అడ్డుపుల్ల పెట్టే ఐకాటిబాంట్ అనే సూదిమందుకు యూరపులో 2008లో, అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. కల్లిక్రీన్ కత్తెరనే పట్టుకునే లానాడెలుమాబ్ 2018లో వచ్చింది. హేగ్‌మన్ ఫాక్టరును ఆపే మందుకు కూడా 2025లో అనుమతి ఇచ్చారు. ఆ రైల్వే బ్రేక్‌మన్ అది లేకుండానే బతికాడు గనుక దాన్ని ఆపినా రక్తం కారిపోదని ధైర్యం. ఇవన్నీ మనలాంటివాళ్ళు ఆలోచించి కొనవలసిన ధరలు. అవి దొరకనిచోట ప్లాస్మా ఎక్కించి ప్రాణం నిలబెడతారు. వాపులు రాకుండా డానజాల్, ట్రానెక్సమిక్ ఆసిడ్ వంటి పాత మందులు కూడా డాక్టర్లు వాడుతున్నారు.

2020లో కరోనా వచ్చినప్పుడు కొందరు శాస్త్రవేత్తలు, రోగుల ఊపిరితిత్తుల్లో నీరు ఊరడానికి బ్రాడికినిన్ కూడా కారణమేమో అన్నారు. అది ఊహగానే ఉంది, దాని మీద ఎక్కువ చెప్పము.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ ప్రసంగం విని ఇంటికి పోయి ఎవరూ బీపీ మాత్ర మానెయ్యకండి. మానేస్తే వచ్చే పక్షవాతం ఈ వాపుకంటే ఎన్నోరెట్లు తరచుగా వచ్చేది. ఏ ఇబ్బందీ లేనివాళ్ళు వేసుకుంటూనే ఉండాలి. పెదవో నాలుకో ఒక్కసారైనా వాచినవాళ్ళు, దగ్గు వదలనివాళ్ళు డాక్టరుగారికి చెబితే, చివర సార్టాన్ అని ఉండే ఇంకో జాతి మాత్రలున్నాయి, లేక ఇంకేవైనా ఉన్నాయి, ఆయన చూసి మారుస్తారు. మాత్ర పట్టీ మీద కంపెనీ పెట్టిన పేరూ, అసలు మందు పేరూ రెండూ ఉంటాయి. అసలు మందు పేరు ఇంగ్లీషులో ఉంటుంది, ముసలివాళ్ళ కళ్ళకు ఆనదు. మాత్ర చించినప్పుడు ఆ పేరున్న వైపు ముందే చించేస్తారు, అదొకటి.

ఆ పేర్లు చదవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు, పదో తరగతి పిల్లవాడు చాలు. అందుకని మా విద్యార్థులు ఆరుగురిని ఆ తలుపు దగ్గర బల్ల వేసి కూర్చోబెట్టాము. మీ మందుల పట్టీలు తెచ్చినవారు వాళ్ళకు చూపించండి. మందుల పేర్లు ఉర్దూలోనో తెలుగులోనో, మీరు ఏది చదవగలిగితే అందులో, ఒక కార్డు మీద రాసిస్తారు. ఇంట్లో ఎవరికైనా కారణం లేకుండా వాపులు వచ్చేవంటే అది కూడా వెనుక రాయించుకోండి. ఆ కార్డు బీరువాలో కాదు, జేబులో ఉండాలి. పట్టీలు తేనివారు వచ్చే ఆదివారం అసర్ తర్వాత స్కూలుకు రావచ్చు, మేము అక్కడే ఉంటాము.